నడిమికి జరిగిన ముడి

ఓబులేసు చేనులో రెండెద్దులు. కర్రోడు మంచి వయసులో ఉన్నవాడు, కండగలవాడు. పుల్లడు ముసలాడు, పైగా ముందుకాలి మోకాలు వాచి ఉంది. అందుకే ఓబులేసు నాగలిని కాడికి నడిమధ్యన కట్టేవాడు కాదు. ముడిని కర్రోడి వైపు జానెడు జరిపి కట్టేవాడు. ముడికి దగ్గరున్న మెడ మీదే బరువు ఎక్కువ పడుతుంది. ఆ ఆసరాతో పుల్లడు ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

కర్రోడికి ఆ ముడి మీదే కన్ను. తన మెడ తొందరగా అరిగిపోతుందేమో, తనను సంతకు తోలేస్తారేమో అని లోలోపల ఒకటే గుబులు. సంతకెళ్లిన ఎద్దు తిరిగి రావడం వాడెన్నడూ చూడలేదు.

ఆ గుబులు నక్క కనిపెట్టింది. ఎద్దు కూలితే దానికి పండగే. మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద ఎద్దులు నెమరేస్తుంటే వచ్చి, కర్రోడి మెడ చూసి తెగ జాలిపడింది.

"తినే గడ్డి ఇద్దరికీ సమానమే గదా అల్లుడూ? మరి ముడి నీ వైపే ఎందుకుండాది?"

ముడి నడిమికి వచ్చేదాకా అడుగు కదపొద్దని ఉపాయం చెప్పి నక్క గట్టెక్కి కూర్చుంది.

"వద్దు నాయనా," అన్నాడు పుల్లడు. "ఆ జానెడే నన్ను నిలబెడతా ఉండాది. నేను పడితే కాడి నిన్ను మాత్రం వదుల్తాదా?"

కర్రోడు వినలేదు. నాగటి చాల్లోనే మొండికేసి పడుకున్నాడు. మెడ ఒరుసుకుంటోందేమో అనుకుని ఓబులేసు ముడి విప్పి నడిమికి కట్టాడు.

బరువు తేలికైంది. పక్కన ముసలాడి ఆయాసం వినబడుతూనే ఉంది, కర్రోడు విననట్టే నడిచాడు. మలుపు దగ్గర పుల్లడి మోకాలు మడతపడింది. వాడు కూలడంతో కాడి అటు ఒరిగి, కర్రోడి మెడను మెలిపెట్టి నేలకు ఈడ్చింది. ఓబులేసు పరుగున వచ్చి తాళ్లు కోశాడు కాబట్టి ఇద్దరూ బతికారు.

పుల్లడు పెరట్లోనే ఉండిపోయాడు. కర్రోడి మెడవాపు తగ్గలేదు. అదను దాటిపోతోందని ఓబులేసు పక్క చేనునుంచి బలమైన ఎద్దును అడిగి తెచ్చాడు. కర్రోడి మెడ తడిమి చూసి, ముడిని జానెడు జరిపి కొత్త ఎద్దు వైపు కట్టాడు.

కొత్త ఎద్దు ఆ ముడి వంక చూసింది, కర్రోడి వంక చూసింది. మధ్యాహ్నం నక్క గట్టు దిగి మెల్లగా దాని దగ్గరికే నడిచింది. కర్రోడు మేత వదిలి అటే చూశాడు. నక్క ఏం చెబుతోందో ఇంత దూరానికి వినబడడం లేదు. వినబడనక్కర్లేదు కూడా, వాడికి ఆ మాటలన్నీ కంఠతా వచ్చు.

నీతి: బలాలు సమానం కానిచోట బరువును సమానంగా పంచడమే అన్యాయం.