మరలు ఆగిన వారం, మడుగులో నక్క

ఫ్రాన్సు దేశంలో వెర్నెల్ అని ఒక నది ఉండేది. నది అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి, మన గోదావరి పంటకాలువ పాటిది. పుట్టిన చోటు నుంచి పెద్దేట్లో కలిసేదాకా మొత్తం ఎనిమిది కోసులు. అయితే పుట్టింది కొండమీద, దిగేది ఇరుకు లోయలో, కాబట్టి పరుగెక్కువ. పరుగెత్తే నీళ్లు కనబడితే మనిషి చక్రం పెట్టకుండా ఉంటాడా? ముందు పిండిమర పెట్టాడు. తర్వాత పాతగుడ్డలు నానేసి కాగితం చేసే మిల్లు. ఆ తర్వాత మేకులు కొట్టే కొలిమి, దాని దిగువన తోళ్ల కార్ఖానా. ఎనిమిది కోసుల్లో ముప్ఫై రెండు చక్రాలండీ!

నీళ్లేమో కొంచెం, చక్రాలేమో బోలెడు. ఇంక అనుమానాలకి తక్కువా? పైవాడు నీళ్లు బిగబట్టాడని కిందివాడూ, కిందివాడు ఆనకట్ట జానెడు లేపాడని పైవాడూ. వాళ్లని చూసి చూసి ఒడ్డునుండే జంతువులకీ అదే జబ్బు పట్టుకుంది. కప్ప కూడా పక్క కప్పని ఓరగా చూస్తే గాని దూకేది కాదు.

తోళ్ల కార్ఖానాకి దిగువన ఒక పిండిమర, దాని ఆనకట్ట వెనక మడుగు, మడుగు మధ్యలో మంచమంత లంక. ఆ లంకలో సోలాంజ్ అనే బాతు ఏడు గుడ్లు పొదుగుతోంది. పిల్లలవ్వడానికి ఇంకా మూడు రోజులుంది.

ఒక పొద్దున గాస్పార్ అనే నక్క ఒడ్డుకొచ్చి నిలబడింది. చక్రం వైపు లాగే నీళ్లంటే దానికి హడల్, అందుకే ఎప్పుడూ ఒడ్డు దాటదు.

"సోలాంజ్ వదినా! శుభవార్త. ఈ ఏడు మడుగు ఖాళీ చెయ్యరుట."

ఇక్కడ సంగతి చెప్పాలి. మన కాలువలకి ఎండాకాలంలో నీళ్లు కట్టేసి పూడిక తీస్తారు చూడండి, అక్కడా అంతే. ఏడాదికోసారి వారంపాటు మరలన్నీ ఆపేసి, ఆనకట్ట తలుపులెత్తి, మడుగులు ఖాళీ చేసి బురద ఎత్తిపోస్తారు.

"అలాగా మరిదీ? ఎవరు చెప్పారు?" అంది బాతు.

"మర యజమానే అంటుంటే విన్నాను. నువ్వు నిశ్చింతగా పొదుక్కో." తోకూపుకుంటూ వెళ్లిపోయింది.

బాతుకి నిశ్చింత మాట అటుంచి, అనుమానమొచ్చింది. అడక్కుండా వచ్చి ధైర్యం చెప్పడానికి వీడు నాకేమవుతాడు? నీళ్లు తాగడానికొచ్చిన మర గాడిదని కేకేసింది.

"ఉర్బేన్ పెద్దయ్యా! తలుపులెప్పుడెత్తుతారు?"

"రేపు పొద్దున్నే. పారలూ గంపలూ ఇప్పుడే నా వీపుమీద దిగాయి. నడుం విరిగిందనుకో. ఏం?"

"ఏముంది, రేపు నా లంక లంక కాదు. గాస్పార్ నడిచొచ్చేస్తాడు."

"కొలిమి దగ్గరి పెద్దబాతుల్ని కాపలాకి పిలవకపోయావా? వాటి ముక్కంటే నక్కకి భయం."

"పిలుద్దును. నిన్ననే పెద్దేటికి తోలేశారుగా. అందుకే వాడు ఇవాళొచ్చి, నేను వేరే దారి వెతుక్కోకుండా అబద్ధమాడి పోయాడు. గుడ్లు వదిలి నేనెక్కడికీ పోలేను. నువ్వైనా మోసుకుపోతావా అంటే..."

"నాకేమన్నా చేతులున్నాయా తల్లీ!"

బాతు కాసేపు తల నీళ్లలో ముంచి, తోక పైకెత్తి, మడుగు అడుగంతా చూసొచ్చింది. రోజూ చూసే అడుగే. అయినా మళ్లీ చూసుకుంది. తర్వాత ఒడ్డు పొదల్లో తచ్చాడుతున్న నక్కని పిలిచి ఏడుపు లంకించుకుంది.

"మరిదీ, నాకు తెలిసిపోయింది. రేపు నువ్వొస్తావు, నేనేం చెయ్యలేను. ఒక్క మాట విను. ఒడ్డున నీళ్లమీదకి వాలిన ఆ విల్లో చెట్టు పక్కనుంచి రా. అక్కడ కూలిపోయిన పాత ఆనకట్ట రాళ్లున్నాయి, పైన పాకుడున్నా కింద గట్టిగానే ఉంటుంది. మర వైపునుంచి మాత్రం రాకు, నిలువులోతు బురద, దిగబడిపోతావు. దారి చెప్పినందుకు రెండు గుడ్లు నాకొదిలెయ్యి నాయనా!"

"అయ్యో వదినా, నేనంత పాపిష్టివాణ్ణా!" అంటూ నక్క వెళ్లిపోయింది.

గాడిద చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నీకు మతిపోయిందా? నిజం దారే చెప్పావు! వాడు నమ్మితే?"

"వాడా? నమ్మడం!" అంది బాతు. అంది గాని, గుడ్లని మాత్రం రెక్కల కిందకి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

మర్నాడు తలుపులెత్తారు. నీళ్లు బుసబుసా దిగిపోయాయి. ఎండెక్కేసరికి మర వైపు బురద పైపొర ఆరి, అలికిన వాకిలిలా నున్నగా మెరిసింది. విల్లో వైపు రాళ్లు ఆకుపచ్చగా జారుతూ చూడ్డానికే భయంగా ఉన్నాయి.

నక్క అటు చూసింది, ఇటు చూసింది. 'తినబోయేవాడికి దారి చెప్పే పిచ్చిది ఉంటుందా? రాళ్ల మీద కాలుజారి నా నడుం విరగాలని దీని ఎత్తు!' అనుకుని మర వైపుకే తిరిగింది. అనుమానపు ప్రాణం కదా, ముందో కాలు పెట్టి నొక్కి చూసుకుంది. గట్టిగానే ఉంది. ఒకడుగు, రెండడుగులు, అయిదడుగులు. ఆరో అడుగుకి పొట్టదాకా దిగబడింది. గింజుకుంటే మెడదాకా.

"వదినా! చచ్చిపోతున్నా!"

"ముందే చెప్పానుగా మరిదీ, ఇటు రాకని."

"నిజం చెబుతావని నేనెలా అనుకుంటాను!"

ఇంతలో పూడికవాళ్లు పారలతో దిగారు. మెడదాకా బురదలో ఉన్న నక్కని చూసి పగలబడి నవ్వి, కొక్కెం తగిలించి ఒడ్డుకి ఈడ్చి పడేశారు. నక్క తోక ముడిచి పరుగు లంకించుకుంది. ప్రాణం దక్కింది గాని, తోళ్ల కార్ఖానా ఏడాది పొడుగునా వదిలిన కంపు ఒంటికి పట్టేసింది. ఎన్నాళ్లు దొర్లినా వదల్లేదు. అది లోయ మలుపు తిరక్కముందే ఊళ్లో కోళ్లన్నీ గూళ్లలో దూరేవి. చివరికి ఆ నక్క గడ్డిలో మిడతలేరుకుని బతకాల్సొచ్చింది.

బాతుకి ఏడుకి ఏడూ పిల్లలయ్యాయి.

నీతి: అబద్ధాలతో పొట్ట పోసుకునేవాడు, ఎదుటివాడు నిజం చెప్పినా దానికి వ్యతిరేకంగానే నడిచి మునిగిపోతాడు.