నాలుగు ముద్దల పప్పన్నం

పేరిందేవి మంచం దగ్గరికి రాగానే డాక్టర్ విహారికి ఎక్కడలేని తొందరా పుట్టుకొచ్చేది. ఫోను చూసుకుంటూ పక్క మంచానికి వెళ్లిపోయేవాడు.

వేసవిలో అదే మనిషి ఆ మంచం వదిలేవాడు కాదు. కీళ్లవాతంతో ఏళ్ల తరబడి వంగిపోయిన ఆవిడకి తుంటికీలు మార్చి, మర్నాడే నాలుగడుగులు వేయించాడు. ఆ ఎక్స్‌రే చూడని స్నేహితుడు లేడు. గురువుగారు కోటిలింగం వద్దంటున్నా వార్డంతా మిఠాయి పంచాడు.

వానలు పడేనాటికి కీలుకి చీము పట్టింది. ఎంత కడిగినా తగ్గలేదు. పెట్టిన కీలు తీసేయాల్సి వచ్చింది. కాలు పొట్టిదైంది, నడక పోయింది.

"నేనెక్కడ తప్పు చేశాను సార్?" అని అడిగాడు విహారి, గురువుగారి గదిలో.

"నాకైతే తప్పు కనబడలేదయ్యా. ఆ జబ్బుకీ, దానికి వాడే మందులకీ చీము పట్టే ముప్పు ఎక్కువ. నీకూ తెలిసిందే."

"మరి నేను ఆవిడ మొహం ఎలా చూడను?"

కోటిలింగం గారు లేచి తిన్నగా వార్డుకి నడిచారు. చొక్కా చేతులు మడిచి, చేతులు కడుక్కుని, పేరిందేవి కట్టు తనే విప్పడం మొదలుపెట్టారు. అంత పెద్దాయన కట్టు కట్టడం చూసి నర్సు కంగారుపడింది.

"కాలు పట్టుకో విహారీ."

పట్టుకున్నాడు. ఇక తప్పించుకునే దారి లేదు. పేరిందేవి అతని వైపే చూస్తోంది.

"నామీద కోపమొచ్చిందా బాబూ?"

"కోపమా? ఎందుకమ్మా?"

ఆవిడ వంకర తిరిగిన వేళ్లతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా అక్క వద్దంటూనే ఉందండీ, పప్పు తింటే చీము పడుతుందని. నోరు చచ్చిపోయి ఒక్కపూట తిన్నాను. నాలుగే ముద్దలు. మీరంత కష్టపడి చేసిందాన్ని పాడుచేసుకున్నాను. మీరు రావడం మానేశారంటే మీకు తెలిసిపోయిందనుకున్నాను."

విహారి మొహం చాటేసిన రోజులన్నీ ఆవిడ ఈ నేరం మోస్తూ పడుకుంది.

"పప్పు వల్ల కాదమ్మా," అన్నాడు.

"మరెవరి వల్ల బాబూ?"

అతను గురువుగారి వైపు చూశాడు. ఆయన తలెత్తలేదు, కట్టు చుడుతున్నారు.

"ఎవరి వల్లా కాదు. నీ వల్ల అసలే కాదు."

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. విహారి కాలు వదల్లేదు. కట్టు ఎప్పుడు పూర్తయిందో కూడా గమనించలేదు.

"రేపు వస్తారా మరి?" అని అడిగింది పేరిందేవి.

కోటిలింగం గారు చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే విహారితో అన్నారు:

"బాగుపడి నడిచి వెళ్లిపోయినవాళ్లకి మనతో పనేముందయ్యా."