స్వామివారి దగ్గు

బసవరాజుకు ఫోన్‌లో రెండు యాప్‌లు కావాలి. అంతే. ఈ కాలంలో అదీ ఒక బాధేనా అంటారేమో. దాంతోనే వాడికి కొన్నాళ్ళుగా తిండి సహించడం లేదు.

వాడు నల్లమల అంచున ఉన్న ఒక చిన్న వీరశైవ మఠంలో శిష్యుడు. పొద్దున్నే శివలింగానికి అభిషేకం చేసేది వాడే. ఈ మధ్య నీళ్ళ చెంబు ఎత్తేసరికి కుడిచెయ్యి వణుకుతోంది. వాళ్ళ నాయనకూ ఇలాగే మొదలైంది. చివరికి ఆయన అన్నం ముద్ద కూడా నోటిదాకా తెచ్చుకోలేకపోయాడు. ఆ జబ్బే తనకూ వచ్చిందేమోనని బసవరాజుకు భయం. మఠాధిపతి సిద్ధలింగస్వామివారికి తెలిస్తే అభిషేకం మాన్పించి వంటింట్లో కూర్చోబెడతారని అంతకన్నా పెద్ద భయం. ఉన్న ఒక్క డాక్టరు దగ్గరికి పోతే ఊరంతా తెలిసిపోతుంది. అందుకని ఎవరికీ చెప్పకుండా ఫోన్‌లో చదువుకోవడం మొదలుపెట్టాడు.

చదివితే చదివాడు, తంటా ఆ తర్వాత వచ్చింది. మఠం ఆఫీసు కంప్యూటర్లో ఉన్నదీ వాడి అకౌంటే. ఒకరోజు ఎవరో భార్యాభర్తలకు గ్రహణం వేళలు చూపిస్తుంటే, పక్కనే ఇంత పెద్ద ప్రకటన వచ్చి కూర్చుంది. “మీ చేతులు వణుకుతున్నాయా?”

బసవరాజు తెరకు అడ్డంగా జరిగాడు. “ఏవేవో వస్తుంటాయమ్మా” అని గబగబా మూసేశాడు.

అప్పటి నుంచి వెతుకులాట. ఆ జబ్బు గురించి డాక్టర్లు రాసే కొత్త సంగతులన్నీ ఒక్కచోటికి తెచ్చిపెట్టే ఫీడ్ రీడర్ ఒకటి కావాలి. చెయ్యి ఏ పూట ఎంత వణికిందో రాసి దాచుకోవడానికి ఇంకొకటి కావాలి. రెండూ వాడి గుట్టు ఎవరికీ చేరవేయకూడదు. ఒకటేమో ముందు ఫోన్ నంబరు అడిగింది. ఇంకొకటి ఫోన్‌లో ఉన్న పేర్లన్నీ చూపించమంది. జబ్బు గురించి చదువుకోవడానికి ఊళ్ళోవాళ్ళ పేర్లెందుకు, దాని మొహం! మరోదాని షరతులు చదవబోతే కళ్ళు లాగాయి గానీ షరతులు అయిపోలేదు. పెట్టుకోవడం, అనుమానం రావడం, పీకేయడం. చివరికి పాలాయన “బాగున్నారా సామీ” అన్నా ఉలిక్కిపడేవాడు. వీడికెలా తెలిసిపోయింది అని!

దానికి తోడు వాడి గది తలుపుకు గొళ్ళెం ఊడిపోయి చాన్నాళ్ళయింది. ఏదో అదృష్టం, స్వామివారికి దగ్గు. ఆయన అటువైపు వస్తుంటే బావి దగ్గరినుంచే ఖళ్ళు ఖళ్ళుమని వినబడేది. వీడు ఫోన్ దిండు కిందికి తోసేసి బుద్ధిగా కూర్చునేవాడు. పాపం పెద్దాయన అని రోజూ సాయంత్రం మిరియాలు, అల్లం దంచి కషాయం కాచి ఇచ్చేవాడు.

ఒక సాయంత్రం ఇక తట్టుకోలేక స్వామివారి ముందు కూర్చున్నాడు.

“సామీ, మనం చదివేది ఎవరికీ తెలియకూడదు, రాసుకున్నది ఎవరూ చూడకూడదు అంటే దేన్ని నమ్మాల? ఈ ఫోన్‌లో ఉన్నవన్నీ చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చేసేవే!”

సిద్ధలింగస్వామి వాడి మొహం చూశారు.

“ఆ సంగతులు నాకేం తెలుసప్పా” అన్నారు. “కషాయం అయిందా?”

బసవరాజు ఉసూరుమంటూ లేచి వెళ్ళి తెచ్చాడు. గడప దాటుతుండగా చెయ్యి వణికింది. సగం కషాయం నేలపాలైంది. అయిపోయింది, చూసేశారు అనుకుని భయంభయంగా తలెత్తాడు.

స్వామివారు అటు తిరిగి ఉన్నారు. మడత పెట్టి ఉన్న కండువానే విప్పి మళ్ళీ మడత పెట్టుకుంటున్నారు. వాడు నేల తుడిచేదాకా ఆ మడత కుదరనే లేదు.

తర్వాత గ్లాసు అందుకున్నారు. తాగలేదు. వాకిట్లోకి వెళ్ళి ఆ మిగిలిన సగం గన్నేరు పాదులో పోసేశారు.

“అయ్యో, అదేంది సామీ! దగ్గు తగ్గొద్దా?”

“నాకు దగ్గెక్కడిదప్పా?”

“అదేంది, రోజూ నా గది కాడికి వచ్చేటప్పుడు...” అనబోయి బసవరాజు ఆగిపోయాడు.

పూజలో ఈయన దగ్గగా వాడెప్పుడూ వినలేదు. భోజనాల దగ్గర వినలేదు. భక్తులకు ఎంతసేపు మంచీచెడ్డా చెప్పినా ఒక్కసారి గొంతు పట్టింది లేదు. ఆ గొళ్ళెం లేని తలుపు దగ్గరికి వచ్చేటప్పుడు తప్ప.

“మరి ఇన్నాళ్ళూ ఆ కషాయం...”

“ఏం చేసేది? ప్రేమగా తెచ్చిస్తివి, తాగితిని. ఆ ఘాటు ఇంక నా వల్ల కాదు నాయనా.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు వాడికి. “అయితే మీకు అంతా తెలుసా సామీ?”

“నువ్వు చెబితే కదా నాకు తెలిసేది.”

బసవరాజు నడుముకు దోపుకున్న ఫోన్ తీసి పక్కన పెట్టాడు. వెనక దాచుకున్న కుడిచెయ్యి తీసి స్వామివారి ముందు చాపాడు. అది వణుకుతూనే ఉంది. “నాయనకు వచ్చిందే సామీ” అన్నాడు.

స్వామివారు ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. చాలాసేపు వదల్లేదు.

“రేపు డాక్టరు దగ్గరికి పోదాం” అన్నారు. “అభిషేకం అయినాకనే లే. చెంబు ఇద్దరం పట్టుకుందాం.”