నలభై రెండో ఆకు

చీపురువాగు అవతల అడవిలో జంతువులకి ఒక పంచాయతీ ఉండేది. పంచాయతీ అన్నాక కచేరీ ఉంటుంది, కచేరీ అన్నాక దస్త్రాలుంటాయి. అడవిలో కాగితం ఎక్కడ దొరుకుతుంది? కచేరీ వెనక పెద్ద పనసచెట్టు ఉంది కాబట్టి ఏ తీర్మానమైనా పనసాకు మీద గోటితో గీకి, కింద అందరి కాలిముద్రలూ వేయించి, ఆరబెట్టి దస్త్రాల గదిలో దాచేవారు. ఆ గది తాళంచెవి కార్యదర్శి చలమయ్య మొలకి వేలాడుతూ ఉండేది. చలమయ్య అంటే నక్క. ఇంకెవరనుకున్నారు?

సర్పంచ్ గవరయ్య ఎలుగుబంటి. మంచివాడే గాని మహా నెమ్మది. కళ్లెదురుగా పెడితే న్యాయం చేస్తాడు, వెతుక్కుంటూ వెళ్లి చేయడు. ఆయన పెట్టిన నియమం మాత్రం ఒకటుంది. ఎవరడిగినా ఆకు చూపించాలి, కార్యదర్శి చేతిలో ఆకు పోతే కొలువు పోతుంది.

ఆ వేసవిలో అడవిపంది కోరయ్య వాగు పక్కనున్న గుట్టవాలు చుట్టూ ముళ్లకంప వేసేశాడు. "ఇది మా తాతలనాటి నేల" అన్నాడు. అడవిలో మేకలూ జింకలూ కుందేళ్లూ పుట్టిందగ్గర్నుంచీ మేస్తున్న నేల అది! నూకాలు అనే మేకకి అప్పుడే రెండు పిల్లలు పుట్టాయి. గుట్టవాలు మీద మేత లేకపోతే నూకాలుకి పాలు పడవు, పాలు పడకపోతే పిల్లలు దక్కవు. నూకాలు వాళ్లమ్మ బతికున్న రోజుల్లో వందసార్లు చెప్పింది. "ఆ నేల మేసేవాళ్లందరిదీనే, ఎవరూ కంప వెయ్యకూడదని తీర్మానం అయింది. నేనూ ముద్ర వేశాను."

సరే, నూకాలు కచేరీకి వెళ్లింది.

"ఏం కావాలి?" అన్నాడు చలమయ్య తలెత్తకుండా.

"గుట్టవాలు తీర్మానం చూడాలి బాబూ."

"ఎందుకు?"

"చూడ్డానికే."

"చూసి ఏం చేస్తావు?"

"చూశాక చెబుతాను."

"అలా కుదరదు. అర్జీ పెట్టుకో."

అర్జీ పెట్టింది. చలమయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇందులో ఆకు నంబరు లేదే?"

"నంబరు ఆకు మీద ఉంటుంది కదా బాబూ. ఆకు చూస్తేనే కదా తెలిసేది?"

"నంబరు వేస్తేనే కదా ఆకు చూపించేది?"

ఇలాంటి మాటలు వింటే నాకైతే ఒళ్లు మండిపోతుంది. నూకాలుకీ మండే ఉంటుంది, పైకి కనబడనివ్వలేదు. రేపన్నాడు, వచ్చింది. ఎల్లుండన్నాడు, వచ్చింది. పది రోజులు కాళ్లరిగేలా తిరిగి, చివరికి సర్పంచ్ తేనె తాగి నీడన కూర్చున్న వేళ చూసి మొరపెట్టుకుంది.

గవరయ్య మూతి తుడుచుకుని చలమయ్యని పిలిచాడు. "శుక్రవారం సభలో కోరయ్య నేల సంగతి తేలుస్తాం. ఆలోగా ఈవిడకి ఆకు చూపించు."

"చిత్తం" అన్నాడు చలమయ్య. అన్నాక నూకాలు వైపు తిరిగి నవ్వాడు. పది రోజుల్లో ఆ పళ్లు కనబడటం అదే మొదలు. "శుక్రవారం పొద్దున గదిలోకే రావమ్మా. అసలు ఆకే చేతికిస్తాను, తలుపేసుకుని తీరిగ్గా చదువుకో. కాకపోతే బుధవారం నుంచే వరసలో నిలబడాలి. కదిలితే వరస పోతుంది."

ఈ మాట విని కోరయ్య పరిగెత్తుకొచ్చాడు. "నీకేమైనా మతిపోయిందా? ఆకు దాని చేతికిస్తావా?"

"నెమ్మది, నెమ్మది. నేను చింపితే నా కొలువు పోతుంది. మేక తింటే తప్పెవరిది?"

"మేకది."

"రెండు రోజులు పస్తున్న మేక, తలుపేసిన గది, ఎండిన పనసాకు. ఇంక నేను చెయ్యాల్సిన పనేముంది చెప్పు?"

కోరయ్య కడుపుబ్బ నవ్వాడు. పనసాకంటే మేకజాతికి ప్రాణమని అడవిలో ఎవరికి తెలియదు!

బుధవారం నూకాలు వరసలో నిలబడింది. వరసంటే ఆమె ఒక్కర్తే. పిల్లల్ని చెల్లెలి దగ్గర వదిలి వచ్చింది. 'కచేరీ ఆవరణలో మేత తినరాదు' అని గోడ మీద కొత్త బోర్డు వెలిసింది. గురువారం మధ్యాహ్నానికి నూకాలు డొక్కలు లోపలికి పోయాయి. అప్పుడే వాగు ఇవతలి రైతు దగ్గర పని మానేసిన ముసలి ఎద్దు అప్పన్న అటుగా వచ్చాడు.

"ఏమ్మా నూకాలూ, ఇలా అయిపోయావేం?"

నూకాలు సంగతంతా చెప్పింది. చెప్పి గొంతు తగ్గించింది. "తాతా, నాకు భయంగా ఉంది."

"నక్కంటేనా?"

"నేనంటేనే. కడుపు నిండా మేసినా పనసాకు వాసన తగిలితే నా నోరు నా మాట వినదు. ఇప్పుడు చూస్తే పస్తు. ఆ ఆకు నేనే తినేస్తే? నా పిల్లల నోటి దగ్గరది నేనే తినేసినట్టు కదా!" అని ఏడ్చేసింది.

అప్పన్న కాసేపు నెమరు వేశాడు. "పన్నెండేళ్లు పచ్చటి పైరు సాళ్లలో కలుపు తీసే గుంటక లాగాను. ఒక్క ఆకు కొరకలేదు. అందరూ నన్ను బుద్ధిమంతుడనేవారు. బుద్ధీ లేదు, పాడూ లేదు. మూతికి చిక్కం కట్టేవారు, అంతే."

నూకాలు తలెత్తింది. "ఆ తాళ్ల వల ఇంకా ఉందా తాతా?"

"కొట్టంలో మేకుకి వేలాడుతోంది. ఆ గదికి వెనక కిటికీ ఉందా?"

"ఉంది."

"అయితే ఏడవకు."

శుక్రవారం పొద్దున చలమయ్య స్వయంగా గది తలుపు తీశాడు. ఆకు తీసి నేల మీద పరిచాడు. "ఇదిగోనమ్మా, నలభై రెండో ఆకు."

"నలభై రెండా? ముందే చెబితే అర్జీలో వేసేదాన్ని కదా బాబూ."

చలమయ్య వినిపించుకోకుండా బయట గడియ పెట్టి సభకి వెళ్లిపోయాడు.

గది నిండా పనసాకు వాసన. నూకాలు నోరూరింది. కాళ్లు వాటంతటవే ఆకు వైపు రెండడుగులు వేశాయి. అమ్మో అనుకుని కళ్లు గట్టిగా మూసుకుని, వెనక్కి తిరిగి, కిటికీ ఊచల మధ్య నుంచి తల బయటికి పెట్టేసింది.

"తొందరగా కట్టు తాతా. ముడి నా తల వెనక వెయ్యి, నేను విప్పుకోలేనట్టు."

అప్పన్న పళ్లతోనే రెండు ముడులు బిగించాడు. బిగించి, మోసుకొచ్చిన జొన్నచొప్ప కిటికీ కింద పడేసుకుని తినడం మొదలెట్టాడు. నూకాలు ఆకు ముందు కూర్చుని అక్షరం అక్షరం చదివింది. కింద ముద్రల్లో ఒకటి, కొస విరిగిన చిన్న గిట్ట. అమ్మది.

అవతల ముందువాకిట్లో సభ. "గుట్టవాలు కోరయ్యది కాదనే వాళ్లెవరైనా ఉన్నారా?" అని గవరయ్య అడుగుతున్నాడు. అంతలో వెనక నుంచి కరకర, కరకర. చలమయ్య చెవులు నిక్కాయి. ఆగలేకపోయాడు, పాపం.

"అయ్యా, ఘోరం జరిగిపోయింది! మేక ఆకు తినేస్తోంది, వినండి!" అంటూ లేచి నెత్తి కొట్టుకున్నాడు. "తమరు చెప్పారని జాలిపడి చేతికిచ్చాను. ఇంత పని చేస్తుందనుకోలేదు."

"ఏ ఆకు ఇచ్చావు?"

"నలభై రెండు. గుట్టవాలు తీర్మానం. అసలు ఆకు. ముద్రలన్నీ సరిచూసి, నా చేత్తో తీసి ఇచ్చాను."

"అదేనా? ఖాయమేనా?"

"అదే, అయ్యగారూ. నా తోక మీద ఒట్టు."

అందరూ వెనక్కి పరిగెత్తారు. తలుపు తీశారు. మూతికి చిక్కంతో నూకాలు కూర్చుని ఉంది. ఆమె ముందు ఆకు, కొస కూడా చిరగలేదు. బయట కరకర మాత్రం ఆగలేదు. సభకొచ్చిన కుందేలు ఒకటి కిటికీలోంచి తొంగి చూసింది.

"నన్నేనా?" అన్నాడు అప్పన్న నోట్లో చొప్పతో. "గోడ ఇవతల మీ ఆవరణ కాదు కదా, తినకూడదా?"

ముందు నవ్వింది కుందేలే. చలమయ్య ముఖం మాడిపోయింది. "అది... ఆ ఆకు అసలుదో కాదో ఒకసారి సరిచూడాలయ్యా" అని నసిగాడు.

గవరయ్య నెమ్మదిగా అడిగాడు. "తోక మీద ఒట్టేశావు కదా చలమయ్యా. తోక ఉంచుకుంటావా, మాట ఉంచుకుంటావా?"

చలమయ్య తోక కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. గవరయ్య ఆకు ఎత్తి సభకంతా వినబడేలా చదివాడు. సాయంత్రానికి కోరయ్యే తన కంప తను పీక్కున్నాడు. పీకుతుంటే లోపల కొత్త నక్కబొరియ ఒకటి బయటపడింది. ఎవరిదని ఎవరూ అడగలేదు, చలమయ్య మాత్రం అటు చూడలేదు.

తాళంచెవి నూకాలుకే ఇద్దామన్నారు అందరూ.

"నాకా?" అంది నూకాలు, నోటినిండా గుట్టవాలు గడ్డితో. "పనసాకుల గదికి మేకని కాపలా పెడతారా ఎక్కడైనా? తాబేలుకివ్వండి. నేను ఎప్పుడొచ్చినా చిక్కం కట్టుకునే వస్తాను."

మర్నాడు చలమయ్య వరసలో నిలబడ్డాడు. తనని కొలువులోంచి తీసేసిన తీర్మానం చూడాలన్నాడు. తాబేలు ఎందుకని అడగలేదు, నంబరూ అడగలేదు. నలభై మూడో ఆకు తీసి చేతికిచ్చింది.

నీతి: తన బలహీనత తనకి తెలిసినవాణ్ణి, ఆ బలహీనతతోనే పడగొట్టడం ఎవరి వల్లా కాదు.