నూకరత్నం కడగని కవరు

అనగనగా కాకినాడలో, ఓడరేవుకి దగ్గరగా, నూకరత్నం అని ఒకావిడ ఉండేది. చేతికుట్టు కుట్టుకుని బతికేది పాపం. రవికలూ, పిల్లల గౌన్లూ, అన్నీ సూదితోనే. వేళ్ళ నిండా సూదిపోట్లు, సాయంత్రానికి కళ్ళు లాగేసేవి. పక్కవీధిలో ఒకావిడ తన పాత కుట్టుమిషను అమ్ముతానంటే నూకరత్నం ప్రాణమంతా దాని మీదికి పోయింది. దసరా దాకా ఆగుతాను, ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను అంది ఆవిడ.

కొనడానికి ఇంట్లో ఏముంది? మూడు పాత కవర్లు ఉన్నాయి. నవ్వకు అమ్మలూ, విను.

నూకరత్నం తాత అప్పలస్వామి ఓడలో వంటవాడు. వయసులో ఉండగా జర్మనీ దేశం వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంటికి ఉత్తరాలు రాయించాడు. సరిగ్గా అప్పుడే ఆ దేశంలో డబ్బుకి జబ్బు చేసింది. మామూలు జబ్బు కాదు. ముందు బస్తాడు బంగాళాదుంపలు వచ్చిన డబ్బుకి ఆ తర్వాత అగ్గిపెట్టె కూడా రాదు. జీతం చేతికందగానే జనం సంచులు పట్టుకుని బజారుకి పరుగులు పెట్టేవారు. మరి ఉత్తరం పంపాలంటే ఎలా? నిన్నటి తపాలాబిళ్ళ ఇవాళ్టికి చాలదు. కొత్తవి అచ్చేసే తీరికా లేదు. అందుకని పాత బిళ్ళల మీదే పెద్ద పెద్ద అంకెలు కొట్టేసేవారు. సున్నా పక్కన సున్నా, దాని పక్కన ఇంకో సున్నా, బిళ్ళలో చోటు అయిపోయేదాకా సున్నాలే.

ఆ సున్నాలు చూసి నూకరత్నం మురిసిపోయింది. కోట్ల బిళ్ళకి ఒక్క మిషను రాదా అనుకుంది. ఊళ్ళో సత్యానందంగారని ఒక పెద్దాయన పాత బిళ్ళలు సేకరిస్తారని ఎవరో చెప్పారు. అప్పుడు కవర్లు తీసుకుని బయల్దేరింది.

గడప దాటబోయి ఆగింది. బిళ్ళల మీద నల్లటి గుండ్రటి మరకలున్నాయి. ఇంత మురికి సరుకు పెద్దమనిషి చేతిలో ఎలా పెడతాం అనుకుంది. మహా శుభ్రం మనిషిలే. చిల్లుచెంబు అమ్మాలన్నా చింతపండు పెట్టి తోమి మరీ అమ్మే రకం. వెనక్కి వచ్చి కుంకుడుకాయలు కొట్టి నానబెట్టింది.

మొదటి కవరు మీది బిళ్ళ ఊడదీసి, కుంకుడురసంలో ముంచి, మెత్తటి గుడ్డతో రుద్దింది. మరక పోయింది. ఆ తర్వాత రెండోది రుద్దింది. మరకతో పాటు రంగు కూడా కాస్త వెలిసింది. అప్పుడు మూడో కవరు చేతిలోకి తీసుకుంది. దాని మీద నల్లమరక ఒక్కటే కాదు, బిళ్ళ పక్కనే పసుపచ్చటి వేలిముద్ర కూడా ఉంది. కూర వండుతూ వండుతూ వచ్చి కవరు అంటించినట్టున్నాడు తాత. ఎప్పుడూ సముద్రం మీదే ఉండే ఆ తాతని నూకరత్నం సరిగ్గా చూసింది కూడా లేదు. ఆ వేలు చూడగానే దుఃఖం వచ్చింది. దాన్ని అలాగే పట్టుకెళ్ళింది.

సత్యానందంగారు భూతద్దం పెట్టి మొదటి రెండు బిళ్ళలూ చూసి తల పట్టుకున్నారు. ఆ సున్నాలకి విలువేమీ లేదన్నారు. డబ్బు చెడిపోయాక అలాంటి బిళ్ళలు కట్టలు కట్టలుగా మిగిలిపోయాయనీ, కడిగిన ఈ రెంటికీ పిప్పరమెంటు బిళ్ళ కూడా రాదనీ చెప్పారు. మిషను ఇంక మరిచిపోవాల్సిందే అనుకుంది నూకరత్నం.

అప్పుడు ఆయన మూడో కవరు తీసుకున్నారు. వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీన్నెందుకు కడగలేదు తల్లీ?"

"మా తాత వేలండి అది. మనసొప్పలేదండి బాబుగారూ."

"నువ్వు మరకనుకున్నావే, అది తపాలా ముద్రమ్మా. ఆ రోజుల్లో బిళ్ళ వెల నాలుగు రోజులు కూడా నిలిచేది కాదు. ఆ కాస్తలోనే నిజంగా ఉత్తరం మోసుకెళ్ళిన బిళ్ళలు తక్కువ. మోసిందనడానికి ఆ ముద్రే సాక్ష్యం."

ఈ కవరు తానే కొంటానన్నారు. మిషనుకి సరిపోతుందన్నారు. ఈ పసుపు మరక లేకపోతే ఇంకాస్త ఎక్కువే ఇచ్చేవాణ్ణని కూడా అన్నారు.

నూకరత్నానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అదే లేకపోతే దీన్నీ కడిగేసేదాన్నండి" అంది.

కవరు ఇచ్చేముందు లోపలి ఉత్తరం తీసి దాచుకుంది. ఆ తర్వాత పసుపు మీద తన బొటనవేలు ఒక్కసారి ఆనించి చూసుకుంది. తాత వేలు తన వేలంతే ఉంది.

దసరాకి మిషను ఇంటికొచ్చింది. దానికి పూజ చేసి, పసుపులో వేలు ముంచి ఒక్క ముద్ర వేసింది. ఆ తర్వాత ఇల్లంతా ఎన్నిసార్లు కడిగినా ఆ ముద్ర జోలికి మాత్రం పోలేదు.

ఏదీ, నీ చెయ్యి చూడనీ. సిరా మరకా? ఉండనీలే, బళ్ళో బాగా రాశావన్నమాట. రేపు పొద్దున్న కడుగుదాం.

ఉత్తరం ఊరికి, ఓడ రేవుకి,
కథేమో కంచికి, మనమేమో మంచానికి,
ముద్ర బిళ్ళకి, నిద్ర కళ్ళకి.