మగ్గం గది నేల

చీరాల దగ్గర మా సాలెవీధిలో భావనారాయణ అనే ఆయన ఉండేవాడు, మనిషి మంచివాడే కానీ తలపెట్టిన పని గురించి ఎవర్నీ ఒక్క మాట అడిగేవాడు కాదు. నూలుకు రంగులద్దే పని ఆయనది, నేత ఆయన భార్య శేషారత్నానిది.

ఆ రోజుల్లో మా వీధి మగ్గాల చప్పుడుతోనే నిద్ర లేచేది. గంజి వాసన, తడి మట్టి వాసన కలిసి ప్రతి గడపలోనూ ఎదురొచ్చేవి. ఇప్పుడు తలుచుకున్నా నాకు ప్రాణం లేచొస్తుంది. ప్రతి ఇంట్లోనూ మట్టి నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించుకుని నేసేవాళ్ళు. ఆడపిల్ల పెళ్ళికి మధుపర్కాలు పుట్టింటి మగ్గం మీదే నేయాలి. అది మా వీధి పట్టింపు.

కూతురు భ్రమరాంబ పెళ్ళి నెల రోజులుందనగా శేషారత్నం పిలుపులకని పుట్టింటికి వెళ్ళింది. ఆమె వచ్చేలోగా ఇంటిని తళతళలాడించాలనుకున్నాడు భావనారాయణ. గోడలకు సున్నం వేయించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మగ్గం విప్పించి, గుంటకు సిమెంటు పూసి, గదంతా టైల్స్ పరవమన్నాడు.

మస్తాన్ మేస్త్రి తాపీ పక్కన పెట్టాడు.

"ఈ గదిలో పొద్దస్తమానం కూర్చునేది వదిన గదా. ఓ మాట అడిగావా అన్నా?"

"అడిగేదేముంది? వచ్చి చూసి తనే మురిసిపోద్దిలే," అన్నాడు భావనారాయణ.

శేషారత్నం తిరిగొచ్చి గడపలోనే నిలబడిపోయింది. మర్నాడు మగ్గం బిగించి మధుపర్కాలకు కూర్చుంది. జానెడు నేయకముందే పోగు తెగింది. ముడేసింది. మళ్ళీ తెగింది. మధ్యాహ్నానికి వడగాలి మొదలై పోగులు పటపటా తెగిపోయాయి. నీళ్ళు చల్లి చూసింది. నీళ్ళు టైల్స్ మీద జారి గుమ్మంలోకి పోయాయి.

"సన్న నూలుకి తేమ కావాలండీ," అంది చివరికి. "మట్టి నేల ఇచ్చేది. ఇదెక్కడిస్తది?"

"ఇప్పుడే పగలగొట్టిస్తాను."

"మట్టి పోసి, కుదించి, అది అదనుకొచ్చేసరికి పెళ్ళి దాటిపోద్ది. నన్నొక్క మాట అడగాల్సింది."

నూలంతా మా ఇంటికి తెచ్చుకుని మా నాయనమ్మ మగ్గం మీద నేసింది శేషారత్నం. ఆమె నేసినన్నాళ్ళూ భావనారాయణ మా అరుగు మీద తల వంచుకుని కూర్చునేవాడు. మా నాయనమ్మ మజ్జిగ ఇస్తే తాగేవాడు, లేకపోతే లేదు.

పీటల మీదికి వెళ్ళబోతూ భ్రమరాంబ తండ్రిని అడిగింది.

"నాన్నా, ఇవి మన మగ్గం మీదవేనా?"

అవునంటే ఆ పిల్ల నమ్మేది. కానీ ఆయన అబద్ధం చెప్పలేకపోయాడు.

"కాదమ్మా. నా వల్లే," అని కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పెళ్ళయిన మూడో రోజున టైల్స్ తనే పగలగొట్టాడు. ఎంత మట్టి పోయాలో, ఎంత తడపాలో శేషారత్నం గుమ్మంలో కూర్చుని చెబుతుంటే, చెప్పినట్టల్లా చేశాడు. నేల కుదురుకుంది, మగ్గం మళ్ళీ ఆడింది. కూతురి మధుపర్కాలు మాత్రం మళ్ళీ నేసేవి కావు కదా.

పిల్లలూ, ఇంట్లో ఏది మార్చాలన్నా ముందు అక్కడ రోజూ పనిచేసే మనిషిని అడగాలి. అడగకుండా చేస్తే ప్రేమతో చేసిన పని కూడా చెరుపే అవుతుంది.