లోగిలి పటానికి దండ

మా గురువు శేషాచలంగారిని ఏదైనా అడగడమంటే కాళ్ళకు పని చెప్పుకోవడమే. జవాబు చెప్పరు, పదమంటారు.

ఒకరోజు బొమ్మల పాఠం మధ్యలో నా తోటి శిష్యుడు ఫణీంద్ర అడిగాడు: "గురువుగారూ, పాత ఫొటోలతో గోడలు అలంకరిస్తానంటే మీరెందుకు మొహం చిట్లిస్తారు? అందం అందమే కదా?"

మావాడికి అందం మీద అంత పట్టు ఊరికే రాలేదు. జలాశయం ఒడ్డున కట్టిన కొత్త అతిథిగృహాన్ని వాడే సింగారిస్తున్నాడు. ఎప్పుడో సర్వేవాళ్ళు తీసిన నెగెటివ్‌లు సంపాదించి, ఆ నీళ్ళలో మునిగిన గండిలంక ఊరి లోగిళ్ళనూ తోటలనూ ఏటిగట్లనూ తలుపంతేసి పటాలు కట్టించాడు. మర్నాడే ప్రారంభోత్సవం.

"పద, చూద్దాం," అన్నారు గురువుగారు. నేనూ వెంటపడ్డాను. తమాషా వదులుకునే అలవాటు నాకు లేదు.

వెళ్ళేసరికి పటాలన్నిటికీ మల్లెదండలు వేలాడుతున్నాయి. కళగా ఉంటుందని ఫణీంద్రే వేయించాడట. పోయినవాళ్ళ ఫొటోకే దండ వేస్తారని వాళ్ళమ్మ చెప్పలేదు కాబోలు! ఆ దండలు గుచ్చి తెచ్చిన మంగాయమ్మ ఒక పటం ముందు ఆగిపోయి ఉంది.

"ఇది మా ఇల్లు," అంది. అంటూనే దండ లాగేసింది. "ఎవడ్రా దీనికి దండేసింది? నా ఇల్లు నీళ్ళకింద నిక్షేపంలా ఉంది. ఏదో ఒక ఎండాకాలం నీళ్ళు తీస్తాయి, అరుగు బయటపడుద్ది. ఎళ్ళి కూకుంటాను."

ఆ నమ్మకంతోనే ఆవిడ ముంపువాళ్ళకని కాలనీలో ఇచ్చిన స్థలం పుచ్చుకోలేదు. ఇప్పటికీ గట్టుమీద పాకలోనే ఉంటోంది.

అతిథిగృహం యజమాని నవ్వుతూ వచ్చాడు. ఆవిడ సంతోషిస్తుందనే అనుకున్నాడు పాపం. "ఇంకా అక్కడెక్కడి అరుగు మామ్మా? నీళ్ళు రాకముందే పడగొట్టించి, రాళ్ళు ఇక్కడికి తోలించాం. ఇప్పుడు నువ్వు నిలబడింది వాటిమీదే!"

మంగాయమ్మ కిందికి చూసింది. చెప్పులు విప్పి గుమ్మం బయట పెట్టి వచ్చింది. లాగేసిన దండను తనే మళ్ళీ పటానికి వేసింది. వంకర లేకుండా సర్దింది. వెళ్ళిపోయింది.

దారిలో నాకు కూడా వేళాకోళం తోచలేదు. చాలాదూరం వచ్చాక ఫణీంద్ర, "గురువుగారూ, నేనడిగిందానికి..." అని నసిగాడు.

గురువుగారు బోరింగు దగ్గర ఆగారు.

"ముందు తలమీంచి నీళ్ళు పోసుకో నాయనా," అన్నారు. "చావింటి నుంచి వస్తున్నాం."